వరదలో మునిగిన ఆర్‌ఎక్స్ 100: రిపేరు డైరీ

జనవరి, కనుమ వెళ్లాక

బండి యమహా ఆర్‌ఎక్స్ 100. 1991 మోడల్, నల్ల ట్యాంకు, ఏపీ 5 నంబరు. 1995లో రాజమండ్రిలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఆ తర్వాత ఇంట్లోకి ఎన్ని బళ్లు వచ్చి వెళ్లినా దీన్ని మాత్రం అమ్మలేదు. 2022 జూలై వరదలో మా లంకలో పాత ఇంటి వసారాలో ఉండిపోయింది. మనుషుల్నీ గేదెల్నీ ఏటిగట్టుకు చేర్చుకోవడానికే పడవలు చాలని రోజులవి. ఇంజన్ మునిగి నీళ్లు ట్యాంకు అడుగు దాకా వచ్చాయి. వరద తీశాక చూస్తే కిక్ రాడ్ కదల్లేదు. ఇంజన్ పట్టేసింది.

పండక్కి వచ్చిన మేనల్లుడు, నేను కలిసి బండిని ట్రక్ ఆటోలో ఎక్కించి అమలాపురం తెచ్చాం. ఇక్కడి నుంచి జరిగే పనంతా రాసుకుందామని ఈ డైరీ మొదలుపెట్టాను.

ఒక సంగతి మొదట్లోనే తేల్చుకున్నాను. బండి నడిస్తే చాలదు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎలా పలికేదో అలాగే పలకాలి. ఆర్‌ఎక్స్ అనగానే ఇప్పటి కుర్రాళ్లు సైలెన్సర్ కోయించి, లోపల చప్పుడు తగ్గించే బ్యాఫిల్ పైపు పీకించి ఊరంతా అదరగొట్టేస్తున్నారు. మేం ఎరిగిన శబ్దం అది కాదు.

ఈ బండి మన దేశంలోకి 1985 నవంబరులో వచ్చింది. మొదట జపాన్ నుంచి విడిభాగాలు తెచ్చి ఎస్కార్ట్స్ కంపెనీ వాళ్లు ఇక్కడ బిగించేవారు. 50 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), 50 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), లెక్క కడితే 98 సీసీ. 7500 ఆర్‌పీఎం దగ్గర 11 హార్స్‌పవర్. అదే ఏడాది వచ్చిన హీరో హోండా సీడీ 100 ఫోర్ స్ట్రోక్. దాని బలం ఏడు హార్స్‌పవర్ చుట్టుపక్కల. మైలేజీలో హోండాకి తిరుగులేదు. కానీ ఏటిగట్టు కింద నుంచి పైకి వెనక మనిషితో ఎక్కాలంటే ఆర్‌ఎక్స్ ముందు అది నిలిచేది కాదు. ఫోర్ స్ట్రోక్‌లో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒకసారి మంట పడుతుంది. టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకీ పడుతుంది. ఫోర్ స్ట్రోక్‌లోలా హెడ్‌లో వాల్వులు లేవు, వాటిని తెరిచే క్యామ్ లేదు. పిస్టనే పైకీ కిందకీ ఆడుతూ సిలిండర్ గోడలో ఉన్న దారుల్ని మూసి తెరుస్తుంది. ఇంత తక్కువ సామానుతో అంత పని చేసే ఇంజన్ మళ్లీ రాలేదు.

జనవరి నెలాఖరు

మేస్త్రి దొరికాడు. ఇదే పెద్ద విశేషం. టౌన్లో ఇప్పటి మెకానిక్కులకి ఈ ఇంజన్ ఇవ్వాలంటే నాకు మనసొప్పలేదు. అంబాజీపేట దారిలో ఒక పెద్దాయన షెడ్డు ఉంది. చేలో మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు రిపేరు చేస్తాడు. అందులో చాలావాటికి టూ స్ట్రోక్ ఇంజన్లే. పెట్రోల్లో ఆయిలు కలిపి పోసేవే. బైకుల్లోంచి టూ స్ట్రోక్ వెళ్లిపోయినా వరిచేలల్లో, కొబ్బరితోటల్లో అది ఉండనే ఉంది. దాంతోపాటే ఆ విద్య కూడా ఈయన చేతిలో మిగిలింది. షెడ్డులోకి అడుగుపెట్టగానే ఆ కాలిన 2టీ ఆయిలు (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిలు) వాసన తగిలింది. నాకు ఆ వాసనే పెద్ద సర్టిఫికెట్.

"మునిగిన బండేనా అండి? కిక్కు మీద ఎక్కి తొక్కలేదు కదా?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. తొక్కలేదన్నాను. "ఆయ్, అయితే రాడ్డు బతికుంటాదండి" అన్నాడు.

ప్లగ్గు తీసి ఆ కన్నంలోంచి డీజిల్, ఇంజన్ ఆయిలు కలిపి పోసి వదిలేశాం. రోజూ కొంచెం పోయడం, మాగ్నెట్ వైపు నుంచి స్పానరుతో ఇటు అటు పిసరంత కదిపి చూడడం. సుత్తి ముట్టనివ్వలేదు ఆయన. పిస్టన్ వదిలాక హెడ్ దింపి సిలిండర్ పైకి లాగితే లోపల నీళ్లు నిలిచిన గీత దగ్గర తుప్పు వలయం కట్టి ఉంది. పిస్టన్ పక్కలు గీతలు పడ్డాయి. రింగులు గాడిలో అతుక్కుపోయాయి. క్రాంక్ కేసు అడుగున ఒండ్రు, మెత్తగా, గోదారి ఎర్రమట్టి రంగులో.

ఫిబ్రవరి

క్రాంకు బయటికి తీశాం. మెయిన్ బేరింగులు రెండూ గరగరమంటున్నాయి. కనెక్టింగ్ రాడ్ కింది బేరింగు కూడా తుప్పు పట్టింది. రాడ్ కిట్ కొత్తది వేయించాలి. క్రాంకు చక్రాలు రెండూ పిన్నుతో బిగిసి ఉంటాయి కాబట్టి ప్రెస్సులో పెట్టి విడదీసి, కొత్త పిన్నుతో మళ్లీ నొక్కించి, రెండు సెంటర్ల మధ్య తిప్పుతూ డయల్ గేజ్ పెట్టి ఒంకర తీయాలి. దీనికోసం రాజమండ్రి వెళ్లాను. మిల్లీమీటరులో నూరోవంతుల లెక్క అది. ఒంకర ఉంటే హ్యాండిల్లోకి, ఫుట్‌రెస్టుల్లోకి వణుకు వచ్చేస్తుంది, బేరింగులు మళ్లీ పోతాయి. లేత్ ఆయన రాగి సుత్తితో తట్టడం, ముల్లు చూడడం, మళ్లీ తట్టడం. నేను పూటంతా పక్కనే నిలబడి చూశాను.

ఆయిల్ సీళ్ల సంగతి ఇక్కడ రాసి పెట్టాలి, ఎందుకంటే టూ స్ట్రోక్ బళ్లు పాడయ్యేదే వాటి వల్ల. ఫోర్ స్ట్రోక్‌లో క్రాంక్ కేసు అంటే ఆయిలు ఉండే చోటు. దీన్లో అలా కాదు. కార్బొరేటర్ నుంచి గాలి, పెట్రోలు ముందు క్రాంక్ కేసులోకే వస్తాయి. పిస్టన్ కిందకి దిగేటప్పుడు అవి నొక్కుకుని పక్కదారుల్లోంచి పైకి వెళ్తాయి. అంటే క్రాంక్ కేసు గాలి చొరని గది అయి ఉండాలి. ఎడమవైపు మాగ్నెట్ దగ్గర సీలు పోతే బయటి గాలి లాగుతుంది. మిక్స్చర్ పలచబడి, యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ తనంతట తానే గుయ్యిమని లేస్తుంది, వేడెక్కి పట్టేస్తుంది. కుడివైపు క్లచ్ దగ్గర సీలు పోతే గేర్ బాక్స్ ఆయిలు లాగి తెల్లటి పొగ కక్కుతుంది. అప్పట్లో చాలామంది "ఈ బండి పొగ బండి" అని అమ్ముకున్నారు. వాటిలో ఎన్నింటికో ఒక్క సీలు మారిస్తే సరిపోయేది. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఫిబ్రవరి, ఇంకో రోజు

ఫ్రేము ఒక్కటే పంచలో ఉంది, పెయింటు గీకుతున్నాం. ఇంజన్ లేని ఫ్రేముని మేనల్లుడు ఒక్కడే ఎత్తేశాడు. మొత్తం బండే సుమారు వంద కిలోలు. ఆ తేలిక విలువ నాకు 1996 నవంబరులో తెలిసింది.

ఆరో తారీకు రాత్రి తుఫాను కోనసీమ మీద పడింది. తెల్లారాక చూస్తే కొబ్బరిచెట్లు రోడ్లకి అడ్డంగా పరుచుకుని ఉన్నాయి. బస్సుల్లేవు, కరెంటు లేదు, ఫోన్లు లేవు. ముమ్మిడివరం అవతల మా అక్కావాళ్లు ఏమయ్యారో తెలియదు. నేను, మా బాబాయి గారబ్బాయి ఆర్‌ఎక్స్ మీద బయల్దేరాం. చెట్టు అడ్డం వచ్చినప్పుడల్లా దిగడం, ముందు చక్రం ఇద్దరం పట్టి మొద్దు మీదకి ఎత్తడం, తర్వాత వెనక చక్రం ఎత్తి అవతల దింపడం. బుల్లెట్ అయితే అలా కుదిరేది కాదు. ఇంజన్ బురదలో మునిగిన చోట కూడా మొదటి గేరులో నెమ్మదిగా లాగింది. అక్కావాళ్లు స్కూలు బిల్డింగులో ఉన్నారు, అందరూ క్షేమం. వెనక్కి వస్తూ దారిలో కనిపించిన వాళ్లకి పై ఊళ్ల కబుర్లు చెప్పుకుంటూ వచ్చాం. ఆ నాలుగు రోజులూ చుట్టాల ఇళ్లకి బియ్యం, కొవ్వొత్తులు ఈ బండి మీదే చేరాయి. ఆ ఏడాదే ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగిపోయిందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

మార్చి

సిలిండర్ బోరు, అంటే లోపలి గోడ చెక్కి వెడల్పు చేయడం. ఒక్కోసారి పావు మిల్లీమీటరు పెంచుతారు. పాత పిస్టన్ తల మీద 0.50 అని ఉంది, అంటే నా కంటే ముందే రెండుసార్లు బోరు చేయించారు. ఇప్పుడు తుప్పు వలయం పోవాలంటే 0.75 తప్పదు. 50.75 మిల్లీమీటర్లు. బండి ఇప్పుడు 101 సీసీ అన్నమాట. దీని తర్వాత 1.00 ఒక్కటే మిగులుతుంది.

పిస్టన్ వెతకడానికే ఎక్కువ టైం పట్టింది. మార్కెట్లో కొత్తగా వస్తున్న చౌక పిస్టన్లు మేస్త్రికి నచ్చవు. చివరికి తణుకులో ఒక పాత స్పేర్ పార్ట్స్ షాపులో, అటక మీద, దుమ్ము పట్టిన అట్టపెట్టెలో పాత స్టాకు ఒకటి దొరికింది. షాపాయన తుడిచి చేతికిస్తూ, తనకి రాజ్‌దూత్ 350 ఉండేదని చెప్పి కూర్చోబెట్టి టీ తెప్పించాడు. యమహా ఆర్‌డీ 350ని ఎస్కార్ట్స్ వాళ్లు ఆ పేరుతో 1983లో తెచ్చారు. రెండు సిలిండర్ల టూ స్ట్రోక్. దాని దాహానికి ఆ రోజుల్లో భయపడి ఎవరూ కొనలేదు. ఆయన మాత్రం పాలకొల్లు నుంచి భీమవరం పనున్నా లేకపోయినా వెళ్లొచ్చేవాడట.

ఇలాంటి టీలు ఈ పనిలో చాలా తాగాను. పిస్టన్ అడిగితే పాత ఎజ్డీ బండి కథ చెబుతారు. రింగులు అడిగితే సుజుకీ శావొలిన్ సంగతి, షోగన్ సంగతి వస్తుంది. మా పెదనాన్నగారి ఎజ్డీకి కిక్ రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే. కిక్కు కొట్టాక అదే రాడ్డుని ముందుకి తిప్పి గేరు వేసేవారు. మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ కూడా 1996లోనే మూతపడింది.

బోరింగ్ అయ్యాక మేస్త్రి చేసిన పని చూసి నేర్చుకోవలసింది. సిలిండర్ గోడలో ఉన్న దారుల అంచులు బోరు కొట్టాక కత్తిలా తేలతాయి. రింగు పైకీ కిందకీ పోతూ ఆ అంచుకి తట్టుకుంటే విరుగుతుంది. అందుకని ప్రతి దారి అంచునీ సన్న ఆకురాయితో, తర్వాత ఎమరీ పేపరుతో గుండ్రం చేశాడు. ఇది బోరింగ్ షాపుల్లో చాలామంది వదిలేసే పని. రింగుల కొనలు కూడా ఎక్కడ పడితే అక్కడ ఉండకూడదు. గాడిలో చిన్న పిన్ను ఉంటుంది, రింగు కొనలు దాని దగ్గరే కూర్చోవాలి. లేకపోతే రింగు తిరిగి కొన దారిలో పడుతుంది. పిస్టన్ తల మీద బాణం గుర్తు సైలెన్సర్ వైపు చూడాలి.

ఏప్రిల్. కాలవలు కట్టేశారు

సైలెన్సర్ పని. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

మేనల్లుడితో వాదన జరిగింది. "మావయ్యా, ఎలాగూ విప్పాం కదా, లోపల కోయించేద్దాం, సౌండు అదిరిపోద్ది" అన్నాడు. వాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు కాబట్టి కూర్చోబెట్టి బొమ్మ గీసి చెప్పాను. టూ స్ట్రోక్‌లో సైలెన్సర్ అంటే చప్పుడు తగ్గించే గొట్టం మాత్రమే కాదు, ఇంజన్‌లో సగం అదే. పిస్టన్ దిగి పొగ దారి తెరుచుకోగానే కాలిన గాలి అలలా బయటికి దూకుతుంది. గొట్టం వెడల్పయ్యే చోట ఆ అల వెనక్కి తిరిగి సిలిండర్‌లో మిగిలిన పొగని కూడా లాగుతుంది. దాంతోపాటు కొంచెం కొత్త పెట్రోలు గాలి కూడా బయటికి జారిపోతుంది. గొట్టం మళ్లీ సన్నబడే చోట ఇంకో అల తిరిగొచ్చి, పొగ దారి మూసుకునే లోపు ఆ జారిపోయిన దాన్ని వెనక్కి సిలిండర్‌లోకి నెడుతుంది. చేలోంచి పోతున్న నీటికి గండి దగ్గర పారతో అడ్డం వేసి మళ్లీ మడిలోకి మళ్లించినట్టు. ఆ కొలతలన్నీ ఇంజన్ వేగాన్ని బట్టి కంపెనీ లెక్క కట్టింది. ఎక్కడ కోసినా ఆ లెక్క పోతుంది.

మేస్త్రి ఒక్క ముక్కలో చెప్పాడు. "పైపు కోస్తే అరుపు వస్తాది గానండి, లాగుడు పోద్ది." వాడు ఒప్పుకున్నాడో లేదో గానీ హ్యాక్సా పక్కన పెట్టాడు.

లోపలంతా మసి, గట్టిపడిన ఆయిలు, దాని మీద వరద ఒండ్రు. కొందరు కిరోసిన్ పోసి మంట పెడతారు. అలా చేస్తే క్రోమ్ నీలిరంగు తిరుగుతుంది. మేం కాస్టిక్ సోడా వాడాం. బకెట్లో నీళ్లలో సోడా కొంచెం కొంచెంగా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు, చిమ్ముతుంది. రబ్బరు గ్లౌజులు, కళ్లజోడు తప్పనిసరి. అల్యూమినియం సామాను దగ్గర పెట్టకూడదు, తినేస్తుంది. ఒక చివర బిరడా కొట్టి, నింపి, రాత్రంతా ఉంచి పొద్దున్నే కుమ్మరిస్తే నల్లటి బురద వచ్చింది. మళ్లీ మళ్లీ కడిగాం. బ్యాఫిల్ పైపుని విడిగా వైరు బ్రష్‌తో రుద్ది, కన్నాలన్నీ తెరుచుకునేలా చేశాం.

ఇంత కష్టం ఎందుకంటే, నాకు ఆ పలుకు గుర్తుంది. ఊరికే నిలబెట్టినప్పుడు ఒక చుట్టు వదిలి ఒక చుట్టు పేలుతూ తడబడుతున్నట్టు ఉండేది. కొంచెం యాక్సిలరేటర్ ఇస్తే ఆ తడబాటు పోయి శబ్దం ఒకటే గీతలా శుభ్రపడేది. మూడో గేరులో ఒక దశ దాటాక బండి హఠాత్తుగా ముందుకి దూకేది. కోటిపల్లి రేవులో పంటు దిగాక ఇసకలో నెమ్మదిగా తోసుకొచ్చి, ద్రాక్షారామం రోడ్డు ఎక్కగానే ఆ దూకుడు కోసం గేరు మార్చకుండా ఆగేవాణ్ణి. అది చెవులు పగలగొట్టే చప్పుడు కాదు. వెనక కూర్చున్న మనిషితో మాట్లాడుకోవచ్చు. కాలవ అవతల గట్టు మీద వెళ్లే బండి ఆర్‌ఎక్సా, చేతకా, టీవీఎస్ మోపెడా అని వసారాలో కూర్చుని చెప్పేవాళ్లం.

మే

ఇంజన్ బిగించాం. మూసే ముందు గాలి పరీక్ష. మేస్త్రి దగ్గర పాత బీపీ మిషన్ ఉంది. ఇన్‌లెట్‌కి, సైలెన్సర్ దారికి రబ్బరు పెట్టి బిరడాలు వేసి, బీపీ మిషన్ బుడ్డితో 250 దాకా గాలి కొట్టాడు. అంటే సుమారు 5 పీఎస్‌ఐ. ముల్లు మెల్లగా దిగిపోయింది. సబ్బునీళ్లు రాస్తే రీడ్ వాల్వు (ఇన్‌లెట్‌లో గాలి వెనక్కి పోకుండా ఆపే రేకులు) దగ్గర బుడగలు. కొత్తగా కొన్న ప్యాకింగ్ సెట్టులో ఆ ప్యాకింగ్ మందం సమంగా లేదు. ప్యాకింగ్ పేపరు షీటు తెచ్చి కత్తిరించి వేశాం. మళ్లీ కొడితే ముల్లు కదల్లేదు. రీడ్ రేకుల్ని కూడా వెలుతురుకి పెట్టి చూశాం, సందు లేదు, అంచు చిట్లలేదు.

ఆటోల్యూబ్ పంపు విషయంలో మేస్త్రికీ నాకూ కొంచెం తేడా వచ్చింది. పెట్రోల్లో ఆయిలు చేత్తో కలిపే బాధ లేకుండా యమహా 1964లో తెచ్చిన ఏర్పాటు అది. ఆయిలుకి వేరే ట్యాంకు. ఇంజన్ వేగాన్నీ యాక్సిలరేటర్‌నీ బట్టి పంపు కావలసినంతే పంపుతుంది. మా వైపు చాలా బళ్లకి దాన్ని పీకేసి ట్యాంకులోనే కలిపేవారు. గొట్టంలో గాలి బుడగ చేరితే ఆయిలు ఆగి ఇంజన్ పట్టేస్తుందన్న భయం. "తీసేద్దామండి, నిద్ర పట్టుద్ది" అన్నాడు ఆయన. నేను ఉంచుదామన్నాను. నిదానంగా పోయేటప్పుడు ఆయిలు తక్కువ పోతుంది కాబట్టి పొగా తక్కువే, ప్లగ్గు తడవడమూ తక్కువే. పంపు స్క్రూ వదిలి గాలి పోయేదాకా ఆయిలు కార్చి, కేబుల్ గుర్తుకి గుర్తు కలిపాం. మొదటి ట్యాంకుకి మాత్రం పంపుతో పాటు పెట్రోల్లో కూడా కొంచెం 2టీ కలిపాం. ఆయనకీ ధైర్యం, నాకూ ధైర్యం.

మాగ్నెట్ కాయిల్ కొత్తది. మికూనీ కార్బొరేటర్ జెట్లన్నీ కడిగి గాలి కొట్టాం. వీటి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు.

చోక్ లాగి కిక్కు కొట్టాడు మేస్త్రి. కాసేపు ఏమీ లేదు, తర్వాత ఒక దగ్గు, నీలం పొగ, ఆగిపోయింది. ప్లగ్గు తుడిచి మళ్లీ కొట్టాడు. అందుకుంది. చోక్ మూశాక ఆ తడబాటు శబ్దం వచ్చింది, అదే, తేడా లేదు. మేస్త్రి నా వైపు చూసి "ఇదేనా అండి?" అన్నాడు. ఇదేనండి అన్నాను. నా గొంతు సరిగ్గా రాలేదు. మేనల్లుడు సైలెన్సర్ చివర చెయ్యి పెట్టి ఆ గాలి తాకిడి చూస్తున్నాడు.

జూన్. కాలవలకి నీళ్లు వచ్చాయి

రింగులు కూర్చోవాలి కాబట్టి మొదటి 500 కిలోమీటర్లు 40 దాటించకూడదు, ఒకే వేగంలోనూ పోనివ్వకూడదు. పొద్దున్నే రావులపాలెం మీదుగా లొల్ల లాకుల దాకా, అక్కడి నుంచి గట్టు రోడ్డున బొబ్బర్లంక దాకా వెళ్లొస్తున్నాను. ఇంజన్ చల్లారాక హెడ్ నట్లు ఎదురెదురుగా మళ్లీ బిగించాం, పావు చుట్టు తీసుకున్నాయి. ముందు ప్లగ్గు నల్లగా తడిగా ఉండేది. పెట్రోలు కొంచెం తగ్గేలా కార్బొరేటర్‌లో నీడిల్ క్లిప్పు ఒక గాడి పైకి జరిపాక చాక్లెట్ రంగులోకి వచ్చింది.

ఒక మాట ఒప్పుకోవాలి. ఇంతగా ప్రేమించినా, ఈ ఇంజన్లు ఎందుకు వెళ్లిపోయాయో నాకు తెలుసు. కాలకుండా బయటికి జారే పెట్రోలుని ఆ సైలెన్సర్ అల పూర్తిగా ఆపలేదు. ఊళ్లో బళ్లన్నీ ఇవే అయితే మన పిల్లల ఊపిరితిత్తులకి మంచిది కాదు. 2000లో వచ్చిన పొగ నిబంధనల తర్వాత ఇవి వెనక్కి తగ్గడం న్యాయమే. అందుకే దీన్ని రోజూ తిప్పను. తిప్పినప్పుడు మాత్రం పొగ సర్టిఫికెట్‌తో, కంపెనీ సైలెన్సర్‌తో తిప్పుతాను.

మిగిలిన పనులు: స్పీడోమీటర్ కేబుల్ తెగింది, తణుకు షాపాయన చూస్తానన్నాడు. వెనక 2.75-18 టైరు మార్చాలి. ఆర్‌సీ రెన్యువల్‌కి కాగితాలు సిద్ధం చేస్తున్నాను. రన్నింగ్ ఇన్ అయ్యాక హెడ్ దించకుండా సైలెన్సర్ దారిలోంచి టార్చి వేసి పిస్టన్ పక్కలు ఒకసారి చూడాలి. మేనల్లుడు వచ్చే సెలవుల్లో తానే నడుపుతానంటున్నాడు. ముందు సీళ్లు మార్చడం నేర్చుకోమన్నాను. మేస్త్రి షెడ్డులో ఒక స్ప్రేయర్ ఇంజన్ విప్పి ఉంది, ఆదివారం నుంచి దాని మీద మొదలుపెడతాడు.